తాతగారి వ్యాపకాల గది: ఏది ముందు ముట్టుకోవాలి, ఏది అసలు ముట్టుకోకూడదు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. తాతగారు పోయి నాలుగు నెలలైంది. ఫొటోలు తీయడం, స్టాంపులు, నాణేలు, టేపులు రికార్డు చేయడం, హామ్ రేడియో (లైసెన్సుతో సరదాగా దూరదేశాల వారితో రేడియోలో మాట్లాడటం), వడ్రంగం, తోటపని, ఆయనకు లేని సరదా లేదు. అన్నీ ఒకే గదిలో ఉన్నాయి. నాయనమ్మ అక్కడ దేన్నీ కదపనివ్వడం లేదు. బాబాయి వాళ్ళు ఖాళీ చేసేద్దామంటున్నారు. ఆయన గుర్తుగా ఏవి ఉంచుకోవాలి, పాడవకుండా ఎలా దాచాలి అని అడిగారు.

కదపొద్దు అన్న మీ నాయనమ్మ మాటే సరైనది. ఆమె అన్నది మనసు బాధతో కావచ్చు కానీ, పాత సేకరణలు చూసుకునేవాళ్ళెవరైనా మొదట చెప్పేది అదే. వ్యాపకం ఉన్న మనిషి ఆలోచన అంతా ఆయన వస్తువుల్ని పెట్టుకున్న వరసలో ఉంటుంది. ఏ నెగటివ్ కవరు పక్కన ఏ నోటుబుక్కు ఉంది, ఏ డబ్బాలో ఏ మరలు వేశారు, ఏ స్టాంపు పక్కన ఖాళీ వదిలారు అన్నవన్నీ ఆయన చేతిరాత లాంటివే. ఒక్కసారి కలగాపులగం చేశాక దాన్ని ఎవరూ తిరిగి పేర్చలేరు. అలాగని తాళం వేసి వదిలేస్తే కొన్ని వస్తువులు వాటంతట అవే పాడైపోతాయి. కాబట్టి ఉన్నది ఉన్నట్టు నమోదు చేయండి, తొందరగా పాడయ్యేవాటిని కాపాడండి, మిగతావి ఏడాది ఆగినా ఏమీ కాదు.

నమోదుకు ఫోన్ కెమెరా చాలు. పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా, గది నాలుగు మూలల నుంచి నాలుగు ఫొటోలు తీయండి. తర్వాత ఒక్కో గోడ, ఒక్కో గూడు, ఒక్కో సొరుగు. సొరుగుని తెరిచి, లోపల ఏదీ జరపకుండా, నేరుగా పైనుంచి తీయాలి. ఒక్కో గూడుకీ సొరుగుకీ చీటీ మీద నంబరు రాసి, ఆ చీటీ కూడా ఫొటోలో పడేలా పెట్టండి. అప్పుడు ఏ వస్తువు ఎక్కడిదో ఆరు నెలల తర్వాతయినా తెలుస్తుంది. నోటుబుక్కులో నాలుగు గడులు చాలు: నంబరు, వస్తువు, ఎక్కడుంది, ఎవరు ఏం చెప్పారు. ఆ నాలుగో గడి ఖాళీగా వదిలిపెట్టండి. దాన్ని నింపాల్సింది నాయనమ్మ.

ఆమెను గదిలోకి తీసుకెళ్ళి "ఇది ఉంచాలా, తీసేయాలా" అని అడగొద్దు. ఆ ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు ఉండదు, పైగా గుండె మెలిపెట్టినట్టవుతుంది. ఒక్క పెట్టె ఆమె కూర్చున్న చోటికి తీసుకెళ్ళండి. ఒకరే వెళ్ళండి, లేదా ఇద్దరు. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరితే అందరూ ఒకేసారి మాట్లాడతారు, ఆమె మాట రికార్డులో వినపడదు. ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, మడతపెట్టిన తువాలు మీద, ఆమెకు చేయి చాచేంత దూరంలో ఉంచండి. బల్ల మీద నేరుగా పెడితే గ్లాసు పెట్టిన చప్పుడు కూడా పిడుగులా పడుతుంది. ఫ్యాను ఆపేయండి. మొదట తేదీ, ఆమె పేరు, ముందున్న పెట్టె నంబరు మీరే చెప్పండి. "తాతయ్య గురించి చెప్పు" అంటే పది ముక్కల్లో ముగుస్తుంది. "ఈ ఉత్తరం ఎవరి నుంచి?", "ఈ ఫొటో తీసినప్పుడు నువ్వు ఎక్కడ నిలబడ్డావు?", "ఆయన ఈ పని చేసుకుంటుంటే నువ్వేం చేసేదానివి?" ఇలా చేతిలో ఉన్న వస్తువుని పట్టుకుని అడగండి. ఆగిపోతే వెంటనే ఇంకో ప్రశ్న వేయకండి. ఆ నిశ్శబ్దం తర్వాతే చాలాసార్లు అసలు మాట వస్తుంది. నలభై నిమిషాలు దాటనివ్వొద్దు. ఆమె వద్దన్న వస్తువుని, అది కళ్ళద్దాలైనా కుర్చీ అయినా, జాబితాలో రాసుకుని అక్కడే వదిలేయండి.

ఇక ఆగకుండా చేయాల్సినవి. ముందు ప్రాణమున్నవి: చెట్లు, కుండీలు, చేపలు, పక్షులు ఏవున్నా ఈ రోజు నుంచే ఎవరు చూసుకుంటారో తేల్చండి. తర్వాత బ్యాటరీలు. టార్చి, రేడియో, కెమెరా, ఫ్లాష్ గన్, గోడ గడియారం, రిమోట్, టేప్ రికార్డర్, మల్టీమీటర్, అన్నిట్లోంచి సెల్స్ తీసేయండి. పాత వస్తువుల్ని పాడుచేసేవాటిలో ఇవే ముందుంటాయి. ఆల్కలైన్ సెల్ కారితే తెల్లటి పొడి పేరుకుంటుంది, అది క్షారం. దూదిపుల్లను వెనిగర్‌లో కాస్త తడిపి తుడిచి, ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మరోసారి తుడిచి ఆరనివ్వండి. పాతకాలపు జింక్-కార్బన్ సెల్ కారింది ఆమ్లం, దానికి వెనిగర్ పనికిరాదు, తినే సోడాను నీళ్ళలో ముద్దలా కలిపి వాడాలి. రెండింటికీ చేతి తొడుగులు తప్పనిసరి.

వడ్రంగం చేసేవారు కాబట్టి అవిసెనూనె పూసిన గుడ్డలు ఎక్కడైనా ఉండలుగా చుట్టి ఉన్నాయేమో చూడండి. ఈ నూనె ఆరేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి వేడి పుట్టిస్తుంది. నూనె పూసిన కొత్తలో గుడ్డ ముద్దగా ఉంటే ఆ వేడి బయటికి పోక దానంతట అదే అంటుకుంటుంది. పాతవి ఎప్పుడో ఆరిపోయి ఉంటాయి కానీ, మీరు పనిముట్లకు ఈ నూనె రాస్తే ఆ గుడ్డను బయట పరిచి ఆరేయండి. పేరు లేని సీసాలు, ఫొటోలు కడిగే రసాయనాలు ఉంటే మూత తీసి వాసన చూడకండి, ఒకదానిలో ఒకటి కలపకండి, సింకులో పోయకండి. విడిగా పెట్టి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి.

కెమెరాలో ఫిల్మ్ ఉందేమో చూడకుండా వెనక మూత తెరవొద్దు

ఇది విడిగా రాస్తున్నాను, ఎందుకంటే ఇంట్లో పిల్లలు మొదట చేసే పనే ఇది. 35 మి.మీ. కెమెరా పైన ఎడమవైపు ఫిల్మ్‌ను వెనక్కి చుట్టే పిడి ఉంటుంది. దాన్ని బాణం గుర్తు చూపే వైపు, అది సాధారణంగా గడియారపు ముల్లు తిరిగే దిశ, వేలికొసలతో నెమ్మదిగా తిప్పండి. ఊరికే తిరుగుతూ ఉంటే ఫిల్మ్ లేదు. కాస్త తిరిగి బిగిస్తే ఫిల్మ్ ఉంది. బిగించాక బలవంతం చేయొద్దు. కెమెరా అడుగున ఉన్న చిన్న బటన్‌ని లోపలికి నొక్కి, పిడిని అదే దిశలో తిప్పుకుంటూ పొండి. మొదట కాస్త బరువుగా ఉంటుంది, చివర్లో ఒక్కసారి ఫిల్మ్ కొస ఊడిన చప్పుడు వినిపించి పిడి తేలికవుతుంది. మూత తెరవాల్సింది అప్పుడే. ఆయన ఆఖరున తీసిన ఫొటోలు అందులో ఉండొచ్చు.

ఆ ఫిల్మ్‌ను మామూలు స్టూడియోకి ఇచ్చేముందు డబ్బా మీద ఏం రాసి ఉందో చదవండి. సీ-41 (ఫిల్మ్ కడిగే ఒక పద్ధతి పేరు) అని ఉంటే సాధారణంగా రంగు నెగటివ్. ఎన్నో ఏళ్ళు కడగకుండా ఉన్న రంగు ఫిల్మ్‌లో రంగులు చెదిరిపోతాయి. దాన్ని నలుపు-తెలుపుగా కడిగించడమే మేలైన సందర్భాలు చాలా ఉన్నాయి. నలుపు-తెలుపు ఫిల్మ్ ఎక్కువ కాలం తట్టుకుంటుంది. కోడాక్రోమ్ అనే కోడాక్ రంగు స్లైడు ఫిల్మ్ అయితే దాని రంగుల పద్ధతిలో కడిగే చివరి ల్యాబ్ 2010 డిసెంబరు ఆఖరుకు ఫిల్ములు తీసుకోవడం ఆపేసింది, ఇప్పుడు దాన్ని నలుపు-తెలుపుగానే తీయగలరు. పాత ఫిల్ములే కడిగే ల్యాబ్‌ను వెతికి, ఏళ్ళ క్రితం తీసిందని స్పష్టంగా రాసి ఇవ్వండి.

కెమెరా విషయం ఇంకో ముక్క. లోపల వెలుతురును కొలిచే లైట్‌మీటర్ పాత మెర్క్యూరీ సెల్‌తో పనిచేసేదైతే ఆ సెల్ 1.35 వోల్టులది. దాని స్థానంలో 1.5 వోల్టుల ఆల్కలైన్ వేస్తే చాలా మోడళ్ళలో మీటర్ తప్పు చూపిస్తుంది. వినికిడి యంత్రాల్లో వాడే జింక్-ఎయిర్ 675 సెల్ దాదాపు 1.4 వోల్టులు ఇస్తుంది, చిన్న రింగు తొడిగి వాడుకోవచ్చు. లెన్సును తోలు సంచిలో దాచొద్దు, తోలు చెమ్మని పట్టుకుని బూజు పెంచుతుంది.

నెగటివ్‌లు, ఫొటోలు

మీ గదిలో ఉన్నవాటిలో తిరిగి దొరకనివి ఇవే, ఎక్కువ సమయం వీటికే ఇవ్వండి. పెట్టె తెరవగానే పుల్లటి వెనిగర్ వాసన వస్తోందా? అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్మ్ రసాయనికంగా చెడిపోతూ ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతోందని అర్థం. ఆ ఆమ్లం మళ్ళీ అదే ఫిల్మ్‌ను ఇంకా వేగంగా తినేస్తుంది, పక్కనున్న మంచి ఫిల్మ్‌కీ అంటిస్తుంది. వాసన వచ్చేవాటిని వెంటనే వేరు చేసి, గాలి ఆడే చోట పెట్టి, స్కానింగ్‌లో వాటినే ముందు తీసుకోండి. అంచులు ముడతపడటం మొదలైతే ఇక ఆలస్యం చేయకూడదు. 1950ల తొలినాళ్ళకు ముందువైతే నైట్రేట్ ఫిల్మ్ కావచ్చు. అది తేలిగ్గా అంటుకుంటుంది, ఇంట్లో పెట్టుకోవాల్సిన వస్తువు కాదు. గోధుమరంగు పొడి రాలుతున్నా, జిగటగా ఉన్నా ముట్టుకోకుండా ఫిల్మ్ భద్రపరిచే సంస్థను అడగండి.

ఫిల్మ్‌ను అంచులతోనే పట్టుకోండి. మెరిసేది వెనకవైపు, మసకగా ఉన్నది బొమ్మ ఉన్న వైపు. బొమ్మవైపు వేలిముద్ర పడితే అది ఇక పోదు. నోటితో ఊదొద్దు, ఉమ్మి తుంపర పడుతుంది. రబ్బరు బంతిలాంటి బ్లోయర్ వాడండి. ఆరు ఫ్రేముల చొప్పున ఉన్న ముక్కల్ని ఒక్కో ఫ్రేముగా కత్తిరించొద్దు. అంచు మీద 1 నుంచి 36 వరకు ఉండే నంబర్లే ఆ రోజు ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది అని చెప్పేవి. ముందు ముక్క మొత్తాన్ని అంచులతో సహా ఒక స్కాన్ తీసి, తర్వాత విడి ఫ్రేములు తీయండి.

35 మి.మీ. ఫ్రేము 24×36 మి.మీ. ఉంటుంది. 3200 డీపీఐలో (అంగుళానికి అన్ని చుక్కలు) స్కాన్ చేస్తే సుమారు 4500×3000 పిక్సెళ్ళు వస్తుంది, గోడకు పెట్టే ఫొటోకి అది సరిపోతుంది. కాగితం ఫొటోలకు 600 డీపీఐ చాలు. అసలు కాపీ నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా ఉంచి, బంధువులకు పంపడానికి చిన్నదైన జేపెగ్ ఫైలు తీయండి. స్కానర్‌లో దుమ్ము తొలగించే ఇన్‌ఫ్రారెడ్ సౌకర్యం రంగు ఫిల్మ్‌కి బాగా పనిచేస్తుంది కానీ మామూలు నలుపు-తెలుపు నెగటివ్‌ల మీద మాత్రం ఆపేయండి. వాటిలో బొమ్మ వెండి కణాలతో ఏర్పడింది, వెండి ఇన్‌ఫ్రారెడ్‌ను అడ్డుకుంటుంది. యంత్రం బొమ్మనే దుమ్ము అనుకుని చెరిపేస్తుంది.

జిగురు గీతల మీద అతికించి పైన ప్లాస్టిక్ పొర కప్పే ఆల్బమ్‌లు ఉంటే వాటిలోంచి ఫొటోలు తీసేయడం మంచిది. ముందు పేజీ మొత్తం ఫొటో తీసుకోండి, ఆ పేజీ అమరిక కూడా ఆయన చేసిందే. తర్వాత పళ్ళు శుభ్రం చేసుకునే దారాన్ని ఫొటో మూల కింద దూర్చి, రెండు చేతులతో రంపంలా అటూ ఇటూ లాగుతూ నెమ్మదిగా కిందికి తీసుకురండి. మూల పట్టి గుంజితే ఫొటో పొర చీలుతుంది. అసలు కదలకపోతే వదిలేసి పేజీగానే స్కాన్ చేయండి. హెయిర్ డ్రయర్‌తో వేడి చేయమని కొందరు చెబుతారు, అది ఫొటోని వంకర చేయొచ్చు, నేను చెప్పను.

వెనక పేర్లు రాయడానికి మెత్తని పెన్సిల్, 2బీ లాంటిది. ఫొటోని గట్టి నున్నని బల్ల మీద బోర్లించి అంచు దగ్గర తేలిగ్గా రాయండి. బాల్‌పెన్ నొక్కు ముందువైపు కనిపిస్తుంది, సిరా ఊరుతుంది. ప్లాస్టిక్ పూత ఉన్న కొత్త ఫొటోల మీద పెన్సిల్ పట్టదు, వాటికి కవరు మీద రాసి, ఆ తర్వాతే ఫొటోని కవరులో పెట్టండి. "పెద్దమ్మ, చిన్నోడు" అని రాస్తే మీ పిల్లలకు ఎవరో తెలియదు. పూర్తి పేరు, ఎవరికి ఏమవుతారో రాయాలి. కవర్లు పాలీప్రొపైలీన్, పాలీఎథిలీన్ లేదా పాలిస్టర్‌వి కొనండి. ఘాటైన కొత్త ప్లాస్టిక్ వాసన వచ్చే పీవీసీవి ఫొటోలకైనా స్టాంపులకైనా నాణేలకైనా వద్దు. రబ్బరు బ్యాండ్లు తీసేయండి, వాటిలోని గంధకం వెండి బొమ్మను మచ్చలు చేస్తుంది.

టేపులు

ఆయన గొంతు ఉన్నది వీటిలోనే కాబట్టి తొందరపడి పెట్టి వినాలనిపిస్తుంది. కాస్త ఆగండి. ముందు క్యాసెట్ వెనక అంచున ఉన్న రెండు చిన్న పలకల్ని విరిచేయండి, ఇక పొరపాటున రికార్డు బటన్ నొక్కినా చెరిగిపోదు. కిటికీలోంచి టేపు చుట్ట చూడండి. తెల్లటి దూదిలా బూజు కనిపిస్తే వాయించొద్దు. అది మీ ఊపిరితిత్తులకీ, ఆ యంత్రంలో తర్వాత పెట్టే ప్రతి టేపుకీ హాని.

టేపు తెరుచుకునే మధ్యభాగంలో రాగిరంగు స్ప్రింగు మీద చిన్న ఉన్ని ముక్క ఉంటుంది. టేపుని హెడ్‌కు, అంటే యంత్రంలో టేపు మీది శబ్దాన్ని చదివే భాగానికి, ఆనించి ఉంచేది అదే. జిగురు ఎండి ఊడిపోవడం పాత క్యాసెట్లలో మామూలే, అప్పుడు శబ్దం తగ్గి ముద్దముద్దగా వస్తుంది. రికార్డింగ్ పోయిందని అనుకోకండి. మరలు ఉన్న క్యాసెట్ అయితే, పనికిరాని మరో క్యాసెట్ డొల్ల తీసుకుని, రెండు చుట్టల్నీ దారి తప్పకుండా ఎత్తి అందులోకి మార్చేయండి. విప్పేముందు ఫొటో తీసుకోండి, టేపు ఏ చక్రం బయటి నుంచి వస్తుందో మర్చిపోతే మొదటికొస్తుంది. మరలు లేకుండా అతికించిన డొల్ల అయితే అతుకు వెంట కత్తితో తెరవాలి, అది చేయి తిరిగినవాళ్ళ పని.

మంచి స్థితిలో ఉన్న క్యాసెట్ డెక్ (టేపు వాయించే యంత్రం) ఒకటి సంపాదించండి. హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూదిపుల్లతో గోధుమరంగు అంటడం ఆగేదాకా తుడవండి. టేపుని ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్ళీ వెనక్కి తెచ్చాకే ప్లే చేయండి, ఏళ్ళ తరబడి అంటుకుని ఉన్న చుట్టలు విడిపోతాయి. స, ష అక్షరాలు మొద్దుగా వినిపిస్తే హెడ్ కోణం ఆ రికార్డింగ్‌తో కలవలేదు. హెడ్ పక్కనున్న స్ప్రింగు మరను కొద్దికొద్దిగా తిప్పుతూ గొంతు అన్నిటికంటే స్పష్టంగా ఉన్నచోట ఆపండి. ఇది ప్రతి టేపుకీ విడిగా చూసుకోవాలి. ఈ పని మానేయడం వల్లే ఇళ్ళలో చేసిన మార్పిడులు చాలావరకు మసకగా ఉంటాయి, దాన్ని తర్వాత సాఫ్ట్‌వేర్‌లో బాగుచేయలేరు.

డెక్ వెనక శబ్దం బయటికి ఇచ్చే లైన్-అవుట్ నుంచి ఆడియో ఇంటర్‌ఫేస్‌కు (శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపే పరికరం) తీగ కలిపి, 24-బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో వేవ్ ఫైలుగా తీయండి. స్పీకరు ముందు ఫోన్ పెట్టి తీయొద్దు. అత్యధిక స్థాయి మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూడండి, నవ్వు వచ్చినప్పుడు సూది ఎంత పైకి లేస్తుందో ముందే చూసుకోవాలి. ఈ లెక్కన గంటకు ఒక గిగాబైటు పైచిలుకు, అంటే రెండు వైపులా కలిపి గంట నడిచే సీ-60 క్యాసెట్‌కు అంతే. రొద తీసేసిన కాపీ విడిగా చేసుకోండి, అసలు ఫైలు తాకొద్దు. మధ్యలో వచ్చిన దగ్గు, వంటింట్లోంచి నాయనమ్మ పిలుపు, కుర్చీ కిర్రుమనడం కత్తిరించకండి. సీ-120 టేపులు చాలా పల్చన, వాటిని ఆపుతూ వెనక్కి తిప్పుతూ వినొద్దు. పెద్ద రీలు టేపు వాయించేటప్పుడు కీచుమంటూ, హెడ్ మీద బంక వదులుతుంటే వెంటనే ఆపండి. పూత మెత్తబడింది. దాన్ని తగిన వేడిలో ఆరబెట్టి ఒక్కసారి వాయించే పద్ధతి ఉంది కానీ అన్ని రకాల టేపులకూ అది చేయకూడదు, నిపుణులకే ఇవ్వండి.

రేడియో

చాలాకాలంగా వాడని వాల్వు సెట్టును (లోపల గాజు వాల్వులతో పనిచేసే పాత రేడియో) "పనిచేస్తుందేమో" అని ప్లగ్గులో పెట్టకండి. లోపలి కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి. నేరుగా కరెంటు ఇస్తే అవి షార్టయి ట్రాన్స్‌ఫార్మర్‌ను కాల్చేస్తాయి, దాంతో బాగయ్యే సెట్టు కూడా పోతుంది. లోపల 200 వోల్టులకు పైగా ఉంటుంది, ప్లగ్గు తీశాక కూడా కొంతసేపు నిలిచే ఉంటుంది. కొన్ని సెట్లలో ఇనుప చట్రమే కరెంటుతో ఉంటుంది. బల్బును సిరీస్‌లో కలిపి మెల్లగా కరెంటు ఇచ్చే పద్ధతి తెలిసినవాళ్ళ చేతే పరీక్ష చేయించండి.

హామ్ రేడియో వాళ్ళు లోకం విడిచిన తమ తోటివారిని సైలెంట్ కీ అంటారు. మీరు ఆ మాటతో ఆయన కాల్‌సైన్ (లైసెన్సుతో ఇచ్చే రేడియో గుర్తింపు పేరు) రాసి ఏ క్లబ్బుకు తెలియజేసినా, ఆయనతో మాట్లాడినవాళ్ళు పలుకుతారు. సెట్టు కన్నా లాగ్‌బుక్కు విలువైనది. అందులో ఉండేవి తేదీ, యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకే ప్రామాణిక) సమయం, ఫ్రీక్వెన్సీ, అవతలివారి కాల్‌సైన్, సంకేతం ఎలా వినిపించిందో రెండు లేదా మూడంకెల్లో, చివర్లో 73. ఆ 73 అంటే శుభాకాంక్షలు. క్యూఎస్ఎల్ కార్డులను (మాట్లాడినట్టు ధ్రువీకరిస్తూ హామ్‌లు ఒకరికొకరు పంపుకునే కార్డులు) దేశాల వారీగా పేర్చి ఉంటే అలాగే ఉంచండి. ఇంకొకటి, లైసెన్సు మనిషికి ఇస్తారు, పెట్టెకు కాదు. ఆయన ట్రాన్స్‌మిటర్‌ను లైసెన్సు లేనివాళ్ళు వాడకూడదు. వినడానికి మాత్రమే వాడాలన్నా మీ దేశపు నిబంధన చూసుకోండి.

స్టాంపులు, నాణేలు

కవరు మీద ఉన్న స్టాంపును కత్తిరించొద్దు, నానబెట్టొద్దు. ముద్ర, తేదీ, చిరునామా కలిసి ఉంటేనే దానికి చరిత్ర. విడిగా కాగితపు ముక్క మీద ఉన్న వాడిన స్టాంపులు మాత్రం గోరువెచ్చని మామూలు నీళ్ళలో 15 నుంచి 20 నిమిషాలు నానితే వాటంతట అవే జారతాయి. రంగు కాగితం మీద ఉన్నవి వేరే గిన్నెలో వేయండి, రంగు దిగి పక్కవాటికి అంటుతుంది. బొమ్మ కిందికి పెట్టి అద్దుడు కాగితం మీద ఆరనిచ్చి, తర్వాత బరువు పెట్టండి. వాడని స్టాంపుకు వెనక జిగురే సగం విలువ, దాన్ని నీళ్ళు తగలనివ్వొద్దు. ఆల్బమ్‌లను నిలువుగా, ఒత్తుకుపోకుండా పెట్టాలి. కేటలాగులో కనిపించే ధర మీకు ఎవరూ ఇచ్చేది కాదు, ఆ లెక్క చూసి ఇంట్లో గొడవలు పెట్టుకోకండి.

నాణేలకు ఒకే నియమం, తోమొద్దు. చింతపండు, నిమ్మకాయ, టూత్‌పేస్టు, బట్టకు రుద్దడం ఏదీ వద్దు. ఏళ్ళు గడిచి ఏర్పడిన ఆ రంగే నాణేన్ని కాపాడే పొర. రుద్దితే పైపొర లోహంతో సహా పోతుంది, సేకరించేవాళ్ళు ఒక్క చూపుతో పట్టేస్తారు. పీవీసీ కవరు వల్ల జిగటగా పచ్చటి పొర అంటి ఉంటే దాన్ని శుద్ధమైన అసిటోన్‌లో కాసేపు ఉంచితే కరుగుతుంది, కిటికీలు తెరిచి, మంట దగ్గర లేకుండా చేయాలి. రాగి మీద గుంటలు పెడుతూ పొడిలా లేస్తున్న చిలుము వేరు, దాన్ని మిగతావాటి నుంచి విడదీసి పొడిగా ఉంచండి.

పనిముట్లు

ఉలి, చిత్రిక, రంపం మీద పైపైన ఉన్న తుప్పును 0000 నంబరు ఉక్కుపీచుకు పల్చటి మిషన్ నూనె అంటించి రుద్దితే చాలు. గ్రైండింగ్ చక్రానికి ఇవ్వొద్దు. చెక్క పిడుల్ని గీకి వార్నిష్ వేయొద్దు. బొటనవేలు ఆనిన చోట పడిన నునుపు, చెమటకు నల్లబడిన రంగు ఆయన చేతి అచ్చు. పొడిగుడ్డతో తుడిచి, అవిసెనూనె ఒక్క పల్చని పూత వేస్తే సరిపోతుంది.

గది సర్దేవాళ్ళు మొట్టమొదట బయట పారేసేవి ప్లైవుడ్ ముక్కలు. పారేసేముందు ప్రతి ముక్కనీ తిప్పి చూడండి. వంపు తిరిగి కోసినవి, రంధ్రాలు వరసగా పడినవి, మీద పెన్సిల్‌తో కొలతలో కుర్చీ కాలు అనో రాసినవి, అవన్నీ ఆయన తయారుచేసుకున్న అచ్చులు. ఇంట్లో ఉన్న స్టూలుకో అరకో పక్కన పెట్టి చూస్తే కలిసిపోతాయి. ఆయన వడ్రంగానికి నమూనా పుస్తకం అదే. సగంలో ఆగిన పని ఉంటే పెన్సిల్ గీతలు కనిపించేలా ఫొటోలు తీసి, పూర్తిచేయాలా వద్దా అన్నది నాయనమ్మకే వదలండి. పూర్తిచేస్తే, ఎవరు ఎంతవరకు చేశారో, తేదీతో, అడుగున రాయండి.

తోట సంగతి పొట్టిగా. దాచిన విత్తనాల్లో ఉల్లి ఒకటి రెండేళ్ళకే చచ్చిపోతుంది, టమాటా నాలుగేళ్ళు దాటినా మొలవొచ్చు. 20 గింజల్ని తడిగుడ్డలో చుట్టి వెచ్చని చోట పది రోజులు ఉంచి లెక్కపెట్టండి, పది మొలిస్తే రెట్టింపు విత్తండి. ఆయన పెంచిన మొక్కల నుంచి అంట్లు కట్టి ఇంటింటికీ ఒకటి ఇవ్వండి, ఒకచోట పోయినా మరోచోట ఉంటుంది.

ఫోన్, కంప్యూటర్

ఆయన సిమ్‌ను ఇప్పుడే రద్దు చేయొద్దు. ఈమెయిలుకీ బ్యాంకుకీ ఓటీపీలు ఆ నంబరుకే వస్తాయి, నంబరు వేరొకరికి వెళితే తలుపులన్నీ మూసుకుపోతాయి. అయితే ఖాతాలు తెరవడం వారసుల చట్టబద్ధ హక్కు ప్రకారమే చేయాలి. రెండేళ్ళు ఎవరూ వాడని గూగుల్ ఖాతాను, అందులోని ఫొటోలతో సహా, తొలగించవచ్చని ఆ సంస్థ విధానం చెబుతోంది. ఫోన్‌ను రీసెట్ చేసి పిల్లలకు ఇచ్చేయకండి. వాట్సాప్‌లో ఆయన పంపిన వాయిస్ మెసేజ్‌లను మీ ఫోన్ల నుంచే ఎగుమతి చేసుకోండి. అన్ని ఫైళ్ళూ మూడు కాపీలు, రెండు రకాల పరికరాల్లో, ఒకటి వేరే ఇంట్లో. పెన్‌డ్రైవ్ ఒక్కదాన్ని నమ్ముకోవద్దు.

దాచే చోటు చల్లగా, పొడిగా, తేమ 30 నుంచి 50 శాతం మధ్య, నేల నుంచి జానెడు ఎత్తున, బయటి గోడకు ఆనకుండా ఉండాలి. ఫొటోల్లో, టేపుల్లో కలరా ఉండలు వేయొద్దు, నాఫ్తలీన్ ఆవిరి ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది.

పంపకం విషయానికి వస్తే, నెగటివ్‌లు, నోటుబుక్కులు, లాగ్‌బుక్కు, స్టాంపు ఆల్బమ్‌లు విడదీయకుండా ఒకే ఇంట్లో ఉండనివ్వండి, కాపీలు అందరికీ ఇవ్వండి. పనిముట్లు మాత్రం పంచవచ్చు, కానీ వాడేవాళ్ళకే. గాజు అరలో పెట్టిన ఉలి తుప్పు పడుతుంది, వారానికోసారి చేతిలో పడేది పట్టదు. మనవలు ఒక్కొక్కరు ఒక్క వ్యాపకం ఎంచుకుని, నాయనమ్మ దగ్గర కూర్చుని ఆయన దాన్ని ఎలా చేసేవారో రాసుకోమనండి. ఆ రాతలు, 40 దాకా ఫొటోలు, ఆయన నోటుబుక్కు పేజీలు 600 డీపీఐలో తీసినవి కలిపి చిన్న పుస్తకం అచ్చు వేయించండి. మొదటి ప్రూఫ్ ఆమెకు పెద్ద అక్షరాల్లో ఇచ్చి చదివించండి, పేర్లు తప్పు పడేది అక్కడే.

టేపులు క్యాసెట్లా రీళ్ళా, నెగటివ్ పెట్టెలో వాసన ఉందా లేదా, రేడియో వాల్వులదా ట్రాన్సిస్టర్‌దా రాయండి. వాసన ఉంటే బాబాయి వాళ్ళకు గది ఖాళీ చేసే పని బదులు స్కానింగ్ పని అప్పగించండి, ఈ నెలలోనే మొదలుపెట్టాలి.